ఎంగిలి దండ

కేసరదుర్గం రాజ్యంలో ఎదురుపడ్డ మనిషిని పేరు అడగటం మర్యాద కాదు. "తమరిది ఏ పువ్వు?" అని అడగాలి. పేరంటే తల్లిదండ్రులు ముద్దుకొద్దీ పెట్టుకున్నది. పువ్వు మాత్రం ఆస్థాన పుష్పగణకుడు గంధకేతువు స్వయంగా తేల్చి చెప్పింది. పదహారేళ్ళు నిండిన ప్రతి మనిషీ ఆయన ముందు నిలబడి అరచెయ్యి చాపాలి. అందులో ఆయన ఒక తెల్లటి మొగ్గ పెట్టి మంత్రం చదువుతాడు. చూస్తూండగానే ఆ మొగ్గ విచ్చుకుని ఏదో ఒక పువ్వవుతుంది. దాన్ని ముక్కుకు ఆనించుకుని గుండెల నిండా మూడుసార్లు వాసన పీల్చాలి. ఆ క్షణం నుంచి ఆ మనిషి గుణం అదే, వృత్తి అదే, చచ్చేదాకా కుడిచేతికి కట్టుకు తిరగవలసిన ఇత్తడి బిళ్ళ మీద బొమ్మా అదే.

మల్లె వచ్చినవాళ్ళు మెత్తనివాళ్ళు, పాటకూ ఆటకూ తప్ప దేనికీ కొరగారు. సంపెంగ వచ్చినవాళ్ళు పండితులు. వాళ్ళ దగ్గర ఎక్కువసేపు కూర్చుంటే తలనొప్పి రావటం మాత్రం నిజమే. బంతి వచ్చినవాళ్ళకు ఆర్భాటం ఎక్కువ కనుక ఊరేగింపుల మీద అధికారులుగా వేసేవారు. మొగలి వచ్చినవాడికి ఒళ్ళంతా ముళ్ళేనని సైన్యంలోకి తోసేవారు. తామర రాజవంశానికి తప్ప ఇంకొకరికి వచ్చేది కాదు. అది బురదలో పుడుతుందన్న సంగతి ఎత్తినవాడికి మర్నాడు నాలుక ఉండేది కాదు. మంత్రులు ఎనిమిది మందికీ పొద్దుతిరుగుడే వచ్చింది. ఈ ఒక్క విషయంలో గంధకేతువు పొరబడ్డాడని ఆయన శత్రువులు కూడా అనలేదు.

చాకిరీ చేసే జనానికంతా కనకాంబరం. దానికి వాసన ఉండదు, తొందరగా వాడదు. అంటే వాళ్ళు నోరెత్తరనీ, ఎంత వాడుకున్నా అరగరనీ అర్థం. ఒక రకం పువ్వుతో ఇంకో రకం కలిపి కదంబం కట్టడం ఆ రాజ్యంలో రాజద్రోహం.

అన్నిటికన్నా చెడ్డది ఉమ్మెత్త. అది వచ్చినవాడు విషం. వాడిని వాసన చూడమని కూడా అడగరు. నేరుగా కోట వెనక ఉన్న అత్తరు బట్టీకి పంపేస్తారు. ఆ తరవాత వాడి ఊసు ఎవరూ ఎత్తరు.

ఆ ఉదయం నిండుసభలో ఉమ్మెత్త వచ్చినవాడు రేచన అనే రౌతు. నిన్నటిదాకా అతనిది మొగలి. ఉత్తరాన తంగేడుకోన అని ఒక అడవిపల్లె ఉంది. అక్కడివాళ్ళు చేతులకు ఏ బిళ్ళా కట్టుకోరు. మీది ఏ పువ్వని అడిగితే నవ్వి, ఈ పూట కొండమీద ఏది పూస్తే అదే అంటారు. ఆ పల్లెను తగలబెట్టి రమ్మని రేచన చేతికి కాగడా ఇచ్చారు. అతను దాన్ని తీసుకెళ్ళి వాగులో ముంచి, "నేను చెయ్యను" అన్నాడు. దళపతి మళ్ళీ చెప్పాడు. రేచన మళ్ళీ అదే మాట అన్నాడు. అంతే, పెడరెక్కలు విరిచికట్టి సభకు ఈడ్చుకొచ్చారు. గంధకేతువు అతని చేతిలో మళ్ళీ మొగ్గ పెట్టాడు. దీపాలు పెట్టే వేళకు బట్టీలో వెయ్యాలని తీర్పయింది.

రేచన భార్య నాంచారి. పెళ్ళయి పదినెలలు. పూలు కట్టడం వాళ్ళ పుట్టింటివారి వృత్తి. ఆమె చేతికి ఉన్నది కనకాంబరం బిళ్ళ. నాంచారి నోరెత్తదని గంధకేతువు తేల్చాడన్న సంగతి తలుచుకుని ఆ వీధి వీధంతా కడుపుబ్బ నవ్వుకునేది. కబురు వచ్చేసరికి ఆమె తడి అరటినారతో మూరలు కడుతోంది. చేతిలో ఉన్న ముడి వేసింది. నార కొరికింది. లేచి కొంగు బిగించి సరాసరి బుల్లెమ్మ ఇంటికి వెళ్ళింది.

బుల్లెమ్మ ఎనభయ్యేళ్ళ ముసలిది. ముప్ఫై ఏళ్ళుగా రోజూ మధ్యాహ్నం అత్తరు బట్టీలోకి ఒక దండ తీసుకెళ్ళి ఇచ్చి వచ్చేది ఆవిడే. లోపల ఏం జరుగుతుందో ముప్ఫై ఏళ్ళుగా కడుపులో దాచుకున్నది ఆ రోజు నాంచారి ముందు కక్కేసింది. బట్టీలో మనుషుల్ని కాల్చటం లేదు. రాగిబాన మీద కూర్చోబెట్టి, ఆవిరి పట్టి, వాళ్ళలో ఉన్న సారాన్ని వెదురు గొట్టం గుండా దింపి అత్తరు తీస్తున్నారు. ధైర్యం ఉన్నవాడిలోంచి ధైర్యం, తెలివి ఉన్నవాడిలోంచి తెలివి. ఆ అత్తరు పూసుకునేది మహారాజు పద్మశేఖరుడు. ఆయనకు సొంతంగా ఏ గుణమూ లేదు. గంధకేతువు ఏది పూస్తే ఆ పూటకు అది ఉంటుంది. ఇదంతా చేసిపెట్టేది సౌరభి అనే యక్షిణి. ఎవరూ వాసన చూడని పూలదండ రోజూ తన మెడలో పడినన్నాళ్ళూ గంధకేతువుకు కట్టుబడి ఉంటానని ఆమె మాట ఇచ్చింది.

"ఒక్కనాడు ఎంగిలి దండ పడిందంటే ఆ కట్టు తెగుద్ది. వేసినవోడి మీదకే తిరగబడుద్ది" అంది బుల్లెమ్మ. "నాకు తెలుసు. ముప్ఫయ్యేళ్ళ నించీ తెలుసు. నా చేత్తో నేను ఆ పని చెయ్యలేకపోయానే."

ఎందుకు చెయ్యలేకపోయిందో నాంచారికి వేరే చెప్పనక్కర్లేదు. వాసన చూసిన పువ్వు ఎంగిలి. దేవుడికి కాదుగదా, దేవుడి గుమ్మానికి కూడా పనికిరాదు. పూలవాళ్ళ ఇంట పుట్టినవాళ్ళు ముఖం పక్కకు తిప్పుకునే దండ కడతారు, ఊపిరి పక్కకే వదులుతారు. నాంచారి ఐదో ఏట ఒక్కసారి సంపెంగను ముక్కుకు ఆనించుకుంది. తల్లి తడినారతో వీపు చీరేసింది. ఆ తరవాత లక్షల పూలు ఆమె వేళ్ళలోంచి వెళ్ళాయి గాని ఒక్కటీ ముక్కు దాకా రాలేదు. పదహారో ఏట గంధకేతువు ముందు కూడా ఊపిరి బిగబట్టి, భుజాలు మాత్రం మూడుసార్లు ఎగరేసి వచ్చేసింది. అలవాటు అలాంటిది.

బుల్లెమ్మ మంచం మీద ముసుగుతన్ని పడుకుని జ్వరమని మూలగటం మొదలుపెట్టింది. నాంచారి ఆవిడ మూతిగుడ్డ కళ్ళకింది దాకా కట్టుకుని, మూడు మూరల సంపెంగ దండను తామరాకులో పెట్టి, వెదురుబుట్ట నెత్తిన పెట్టుకుని బయలుదేరింది. పూలకు ఊపిరి సోకకూడదని బట్టీలోకి వెళ్ళే పూలవాళ్ళంతా అలా గుడ్డ కట్టుకోవలసిందే. ఆ నియమం పెట్టినవాడు గంధకేతువే కనుక, ఆమెకు ఇంతకన్నా మంచి మారువేషం ఎవరూ కుట్టి ఇవ్వలేరు.

కోట వెనక బట్టీకి దారి మొగలిడొంకలోంచి. రెండు పక్కలా నిలువెత్తు మొగలిపొదలు, రంపపు పళ్ళలాంటి ఆకులు, ఆ ఆకుల సందుల్లో మత్తెక్కి వేలాడే నాగుపాములు. ఎండ నేలమీద పడటానికి కూడా జంకే చోటు అది. ఆగకుండా నడవాలనీ, ఆగినవాళ్ళనే పాము గుర్తుపడుతుందనీ బుల్లెమ్మ చెప్పింది. నాంచారి నడుస్తూనే ఉంది. ఒక ఆకు కొంగు పట్టుకుంది. కొంగు చినిగింది గాని ఆమె ఆగలేదు. ఇంకో పది అడుగుల్లో నెత్తిమీద బుట్ట ఉన్నట్టుండి బరువెక్కింది. పైనుంచి జారిన నాగు ఒకటి అందులో చుట్టచుట్టుకుంది. దాని తోక ఆమె చెవి పక్క నుంచి వేలాడుతూ మెడకు చల్లగా తగులుతోంది. నాంచారి పళ్ళు కరిచిపట్టి అదే నడక నడిచింది.

డొంక చివర ఇద్దరు కావలివాళ్ళు బల్లేలు అడ్డంపెట్టారు. ఎవరు నువ్వు, ఏ పువ్వు, బిళ్ళ చూపించు అని ఒకడు గదమాయిస్తూ బుట్టలోకి తొంగిచూశాడు. పాము పడగ విప్పి అతని ముఖంలోకి చూసింది. ముళ్ళ స్వభావం కలవాళ్ళని రాజముద్రతో తేల్చిన ఆ వీరులు ఇద్దరూ బల్లేలు పారేసి చెరో దిక్కుకూ పరుగెత్తారు. నాంచారి బుట్ట దించి గోడ పక్కన పెట్టింది. పాము తన దారిన తాను పొదల్లోకి వెళ్ళిపోయింది. దండకు ఏమీ కాలేదు.  ఆమె నోరారా ఆ గోడను తిట్టి, బుట్ట ఎత్తుకుని లోపలికి నడిచింది.

అత్తరు బట్టీ పేరుకే బట్టీ. అదొక పెద్ద మహలు. నల్లరాతి స్తంభాలకు రాగిరేకు తొడుగులు, గోడల పొడవునా వరసలు వరసలుగా గాజుబుడ్డీలు, ఒక్కో బుడ్డిలో ఒక్కో రంగు ద్రవం. పసుపు, చివురు ఎరుపు, నెమలికంఠపు నీలం. పైన కిటికీలోంచి పడే ఎండ ఆ బుడ్డీల్లోంచి వడకట్టుకుని నేలమీద రంగులు పరుస్తోంది. అంత అందమైన చోటు నాంచారి ఎన్నడూ చూడలేదు. ఒక్కో బుడ్డీ ఒక్కో మనిషని గుర్తురాగానే ఆమె ఆ రంగుల మీద అడుగు పడకుండా పక్కకు తప్పుకుని నడిచింది.

ఎదురుగా గంధకేతువు నిలబడి ఉన్నాడు. చిలకపచ్చ పట్టుబట్ట, నున్నగా దువ్విన తెల్లగడ్డం, సన్నటి పొడుగాటి ముక్కు.

"నీవు బుల్లెమ్మవు కావు" అన్నాడు.

మనవరాలిననీ, అవ్వకు జ్వరమనీ నాంచారి తల వంచి విన్నవించుకుంది. బుల్లెమ్మకు మనవరాళ్ళున్నట్టు తాను వినలేదని ఆయన కనుబొమ ఎగరేశాడు. సంచిలోంచి ఒక తెల్లటి మొగ్గ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఇది విచ్చుకున్నాక వాసన చూసినవాళ్ళు అబద్ధం ఆడలేరనీ, మూతిగుడ్డ ఉన్నా దాని వాసన ఆగదనీ చెప్పి మంత్రం ఎత్తుకున్నాడు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలోంచి ఒక భటుడు, ఊరేగింపు సిద్ధమైందనీ మహారాజు ఏనుగెక్కారనీ కేకేసి చెప్పాడు. గంధకేతువు విసుగ్గా అటు తిరిగి, "బంతి అధికారులు వచ్చిరా?" అన్నాడు.

నాంచారి చేతిలో మొగ్గ గబగబా విచ్చుకుని ముద్దబంతి అయింది.

గంధకేతువు ఇటు తిరిగి చూసి నాలుక కరుచుకున్నాడు. నార కోసుకుపోయి పగిలిన ఆమె వేళ్ళ వంక చూశాడు. పెదవులు ఏదో గొణిగాయి. ముద్దబంతి ముడుచుకుపోయి కనకాంబరమై మళ్ళీ పూసింది.

నాంచారికి అంతా అర్థమైంది. పువ్వు మనిషి గుణం చెప్పటం లేదు. గంధకేతువు ఏది అనుకుంటే మొగ్గ అదే పూస్తోంది. దాన్ని మూడుసార్లు పీల్చిన మనిషి ఆ పువ్వైపోయి, అది తన పుట్టుకతో వచ్చిన గుణమేనని నమ్మి, బిళ్ళ కట్టుకుని బతుకుతున్నాడు. మల్లెవాళ్ళు పుట్టుకతో మెత్తనివాళ్ళు కారు. తన వీధిలోవాళ్ళు పుట్టుకతో చాకిరీకి పుట్టినవాళ్ళు కారు. రేచన మాత్రం ఎలా మిగిలాడు? పదహారో ఏట మొగ్గ పట్టుకున్న రోజున తనకు ముక్కు కారిపోయేంత పడిశమని అతనే ఒకసారి నవ్వుతూ చెప్పాడు. ఈ రాజ్యంలో మనుషులుగా మిగిలింది పూలవాళ్ళూ పడిశం పట్టినవాళ్ళేనా అని ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

ఆమె ఊపిరి బిగబట్టి భుజాలు మూడుసార్లు ఎగరేసింది. తాను బుల్లెమ్మ మనవరాలినేనని తొణక్కుండా మళ్ళీ చెప్పింది. గంధకేతువు తృప్తిపడి, వెంట రమ్మని లోపలి గుడివైపు నడిచాడు.

అక్కడ నుంచి గుడికి ఇరవై అడుగుల నడవ. ఆయన ముందు, ఆమె వెనక. పది అడుగులయ్యాయి. నాంచారి ఎడంచేత్తో మూతిగుడ్డ కిందికి లాగింది. తామరాకు విప్పింది. చేతులు అడ్డం తిరిగాయి. తల్లి వీపు మీద వేసిన దెబ్బ, తాతముత్తాతల మడి, ఇన్నేళ్ళ వృత్తి, అన్నీ కలిసి ఆ చేతుల్ని వెనక్కి లాగాయి. అయినా ఆమె దండను ముఖం మీదికి ఎత్తుకుని, పూలలో ముక్కు దూర్చి, గుండెలు పగిలేట్టు పీల్చింది.

ఎంత బాగుందో. తన చేతుల్లోంచి లక్షలుగా వెళ్ళిపోయినవి ఇవా అనుకుంది. కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఒకసారి చాలు, కాని ఆమె రెండోసారి కూడా పీల్చింది. అది పని కోసం కాదు, తన కోసం.

గంధకేతువు వెనక్కి తిరిగేసరికి మూతిగుడ్డ మళ్ళీ కళ్ళకింద ఉంది.

గుడి మధ్యలో యక్షిణి విగ్రహం. మూడు నిలువుల నల్లరాయి, పెదవుల మీద మాత్రం సజీవమైన ఎరుపు, మెడలో నిన్నటి వాడిన దండ. పక్కనే రాగిబాన, దాని మూతిలోంచి వెదురు గొట్టం, ఆ గొట్టం దిగే చోట నీళ్ళతొట్టి. బాన కింద మంట ఎగదోస్తూ ఒక మనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు. అతనికి సంకెళ్ళు లేవు. కావలి లేదు. దీపాలు పెట్టే వేళకు ఇంకా చాలా పొద్దుంది.

"మావా" అంది నాంచారి, గొంతు తగ్గించి.

రేచన తల తిప్పి చూశాడు. లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"చిత్తం" అన్నాడు.

కట్టుకున్న పదినెలల్లో, అంతకుముందు బతికిన ఇరవై ఆరేళ్ళలో, రేచన నోటివెంట ఆ మాట ఎవరూ వినలేదు.  తంగేడుకోన మీదికి మహారాజు స్వయంగా దండెత్తుతున్నాడనీ, ముహూర్తం ముందుకు జరగటంతో వీడి సారం మధ్యాహ్నానికే దింపవలసి వచ్చిందనీ, చావుకు జంకని సాహసం గనుక ఏలినవారు వెంటనే పూసుకున్నారనీ గంధకేతువు దండ అందుకుంటూ గొప్పగా చెప్పుకున్నాడు. మిగిలిన ఒళ్ళు మంట వేయటానికి బాగానే పనికొస్తోందట.

ఒక్క క్షణం క్రితం దాకా దండ ఆయన చేతికి ఇవ్వటానికి నాంచారికి భయంగా ఉంది. ఇప్పుడు లేదు.

గంధకేతువు నిచ్చెనెక్కి వాడిన దండ తీసి, కొత్తది యక్షిణి మెడలో వేశాడు. పూలు రాతికి తగిలాయి. రాతి ముక్కుపుటాలు అదిరాయి. పెదవులు విడిపడ్డాయి. మహలంతా ప్రతిధ్వనించేట్టు ఒకే మాట వినిపించింది.

"ఎంగిలి."

స్తంభాలు నిలువునా చీలాయి. నల్లరాయి పెచ్చులు పెచ్చులుగా రాలి, లోపలినుంచి సౌరభి మెరుపు రంగు దేహంతో బయటికి అడుగుపెట్టింది. ఆమె జుట్టు విప్పుకుంటే పైకప్పు పెంకులు లేచిపోయాయి. ఎంగిలి దండ వేసినవాడెవడని అడిగింది. గంధకేతువు నిచ్చెన మీద గడగడలాడుతూ నాంచారిని చూపించాడు. కట్టినదాన్ని అడగలేదు, వేసినవాడిని అడిగానంది సౌరభి. ఆమె చెయ్యి చాచేలోగా మాంత్రికుడు గండుతుమ్మెదగా మారి వెదురు గొట్టంలో దూరి మాయమయ్యాడు. సౌరభి ఆ గొట్టాన్ని విరిచి విసిరేసింది. బాన పక్కకు ఒరిగి సలసల కాగే నీళ్ళు గుడి నేలంతా పరుచుకుంటూ వచ్చాయి. నాంచారి రేచన చెయ్యి పట్టుకుని పీఠం మీదికి లాక్కుంది.

"ఎంగిలి చేసింది నీవేనా? నీది ఏ పువ్వే పిల్లా, ఇంత తెగువ?" అంది యక్షిణి, ముఖం కిందికి వంచి.

నాంచారి మూతిగుడ్డ తీసి పారేసింది. చేతి బిళ్ళ తెంపి కాగే నీళ్ళలోకి విసిరింది.

"నేను పువ్వును కాదు తల్లీ. పూలు కట్టేదాన్ని."

సౌరభి నవ్వింది. ఆ నవ్వుకు గోడల మీది బుడ్డీలు వందలుగా పగిలాయి. ఎవరెవరివో ధైర్యాలూ, ప్రేమలూ, పెంకితనాలూ పొగలై కిటికీల్లోంచి ఊరి మీదికి వెళ్ళిపోయాయి. రేచన ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు. తన మొగుడిది ఏదని నాంచారి అడిగింది. అది బుడ్డిలో లేదు, రాజు ఒంటిమీద ఉందని యక్షిణి చెప్పింది. పూసుకున్న సారం ఏడు పొద్దులు ఉంటుంది. ఆలోగా రాజు తన ఇష్టంతో, తన నోటితో 'ఇచ్చాను' అంటే అది రేచనకు తిరిగివస్తుంది. బలవంతంగా అనిపిస్తే లాభం లేదు. ఎనిమిదో పొద్దుకు ఆవిరైపోతుంది. అంతే చెప్పి, విరిగిన పైకప్పులోంచి ఆకాశానికి ఎగిరిపోయింది.

మళ్ళీ మొగలిడొంకలోంచి పరుగు. పాములు పగిలిన బుడ్డీల అత్తరు ఘాటుకు ఎటో పారిపోయాయి. కావలివాళ్ళ గుర్రం ఒకటి కట్టుకొయ్య దగ్గర కంగారుగా గిట్టలు కొడుతోంది. దాని కళ్ళెం పట్టుకుని, రేచనను రెండో చేత్తో పట్టుకుని నాంచారి రాజవీధిలోకి వచ్చిపడింది.

రాజవీధి నిండా సేన. ముందు బంతి అధికారుల బాకాలు, వెనక మొగలి దళాల బల్లేలు, నడుమ ఏనుగు మీద బంగారు అంబారీలో పద్మశేఖర మహారాజు, అటూ ఇటూ ఎనిమిది మంది మంత్రులు. ముప్ఫై ఏళ్ళుగా గంధకేతువు చెప్పిన ప్రతి మాటకీ తల ఊపి ఊపి ఆ రాజుగారి మెడ కాస్త ముందుకు వంగిపోయింది. ఈ వేళ మాత్రం ఎందుకో నిటారుగా ఉంది.

గండుతుమ్మెద ఒకటి ఝుమ్మని వచ్చి ఏనుగు ముందు వాలి గంధకేతువైంది. గడ్డం సగం కమిలిపోయింది. నాంచారినీ రేచననూ వేలు పెట్టి చూపించి, ఆ ఇద్దరినీ ఇక్కడే బాణాలతో కొట్టించమనీ, వెంటనే తంగేడుకోనకు కదలమనీ రాజుకు ఆజ్ఞలాగే చెప్పాడు.

"నేను చెయ్యను" అన్నాడు రాజు.

బాకాలు ఆగిపోయాయి. పొద్దుతిరుగుడు మంత్రులు ఎనిమిది మందికీ ఎటు తిరగాలో తెలియక మెడలు పట్టేశాయి. గంధకేతువు వినపడనట్టు మళ్ళీ చెప్పాడు. రాజు మళ్ళీ అదే మాట అన్నాడు. ఈసారి ఆ మాట నోట్లో చప్పరించి, రుచి చూసి మరీ అన్నాడు. సాహసమనుకుని గంధకేతువు దింపించి పూసింది సాహసం కాదు. ఆ మాంత్రికుడికి అత్తరు తీయటం తెలుసు గాని, మనిషిని పోల్చుకోవటం ఎన్నడూ తెలియలేదు.

నాంచారి మొగుడి చెయ్యి వదిలి ఏనుగు కాళ్ళ ముందుకు వెళ్ళి నిలబడింది.

"మారాజా, మీరు పూసుకున్నది నా మొగుడిది. పల్లె కాలకుండా ఆపారు, మీకు దణ్ణం. ఇప్పుడు దాన్ని ఇచ్చాను అనండి."

రాజు ఆమె వంక చూశాడు. ఆయన కళ్ళు రేచన కళ్ళలాగే ఉన్నాయి. ఆ మొండిచూపు ఆమెకు బాగా తెలుసు. అది వేరే ముఖంలోంచి తనను చూస్తుంటే నాంచారికి ఏడుపొచ్చింది.

"ముప్ఫై ఏళ్ళు సరేనంటూ బతికాను తల్లీ" అన్నాడు రాజు. "కాదనటం ఎట్లా ఉంటుందో ఈ పూటే తెలిసింది. ఇవ్వను."

కిరీటం తీసి గంధకేతువు కాళ్ళ దగ్గరికి విసిరాడు. ఏనుగు మీదనుంచి పక్కనున్న గుర్రం మీదికి దూకాడు. అడ్డొచ్చిన బంతి అధికారుల్ని చెల్లాచెదురు చేసుకుంటూ ఉత్తరపు వాకిలి దాటి, తుప్పల్లోంచి అడవివైపు దౌడుతీశాడు. ఆయన్ని పట్టుకోమని గంధకేతువు అరిచాడు. సైన్యంలో సగంమంది కదిలారు. మిగతా సగం, గాలిలో తేలివచ్చిన అత్తరు పొగలు పీల్చినవాళ్ళు, నిలబడి తమ చేతుల బిళ్ళలు విప్పుకుంటున్నారు. ఉత్తరపు వాకిలి తలుపులు మూసేయమని గంధకేతువు ఇంకోసారి అరిచాడు. గొలుసులు కిర్రుమంటూ కదిలాయి.

ఏడు పొద్దుల్లోగా రాజును అందుకోవాలి. నాంచారి గుర్రమెక్కి చెయ్యి చాపింది.

"ఎక్కు మావా."

"చిత్తం" అని రేచన వెనక ఎక్కాడు.

"ఆ మాట అనకు."

"చిత్తం."

ఆమె జీను మీద వెనక్కి తిరిగి అతని ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది. "నా మాట కూడా వినకు. నేను చెప్పినా వినకు. ఒక్కసారి, నాకోసం, 'కాదు' అను."

రేచన ఆలోచించాడు. ఆమె చెప్పినట్టే చెయ్యాలని అతనికి ఎంత ఆత్రమో, ఎలా చెయ్యాలో తెలియక ఎంత తికమకో, రెండూ ముఖంలో కనిపిస్తున్నాయి. చివరికి నెమ్మదిగా, ఆమెకు నచ్చుతుందో లేదోనని భయపడుతూ, "చిత్తం" అన్నాడు.

ఉత్తరపు తలుపుల మధ్య రెండు గుర్రాల సందు మిగిలింది, తరవాత ఒక గుర్రం సందు. బాణాలు అప్పుడే రాళ్ళకు తగిలి చిటచిటమంటున్నాయి. నాంచారి కళ్ళు తుడుచుకుని ముందుకు తిరిగి, తన నడుం చుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకోమని చెప్పింది. అతను పట్టుకున్నాడు. చెప్పకపోతే పట్టుకునేవాడు కాదని ఆమెకు తెలుసు. ఆ కోపంతోనే గుర్రాన్ని ఆ సందులోకి దూకించింది.